మేనత్త కాలిలోని ప్లేటు

నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాక మా ల్యాబు పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మీకు మన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు గుర్తొస్తుంటుందా?" అని అడుగుతుంటారు. దాని మొహం, అదెందుకు గుర్తొస్తుంది? ఆ గది ఏసీ చలికి నా మోకాళ్ళు పడ్డ అవస్థ గుర్తొస్తుంది. ఎండాకాలంలో బెజవాడంతా మాడిపోతుంటే నేనొక్కదాన్నే శాలువా కప్పుకుని కూర్చునేదాన్ని. నిజం చెప్పాలంటే మైక్రోస్కోపు కంటే ముందు నాకు గుర్తొచ్చేది ఒక ఊరగాయ సీసా. ఇవాళ దాని సంగతే చెబుతాను. ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్ళు కాస్త చెవిన వేసుకోండి. చేరి చాలాకాలమైనవాళ్ళు కూడా వేసుకోండి, మీకు మాత్రం అన్నీ తెలుసా ఏంటి?

కంకిపాడు దారిలో ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో, లోహాలు పరీక్షించే ల్యాబుకి నేను ఇన్‌చార్జిని. మా హెడ్డు గారు వెన్నలాంటి మనిషి. ఒక్కటే లోపం, ఏ కాగితం కనబడినా సంతకం పెట్టేయాలని ఆయనకు చెయ్యి దురద. నా దగ్గర పీహెచ్‌డీ చేసే అమ్మాయి ఒకతి ఉండేది. బందరు అవతల సముద్రం ఒడ్డు పల్లె వాళ్ళది. ఇంట్లో అందరిదీ వేటా, చేపల బేరమూ. ఈ పిల్ల ఒక్కతే వచ్చి టైటానియం మీద పడింది. మాట నెమ్మది, బుర్ర పాదరసం. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎలా కుదిరిందో గాని మా ఇద్దరికీ బాగా పడేది.

ఆ అమ్మాయి చేసే పనేంటో రెండు ముక్కల్లో చెబుతాను, ఆవలించకండి. ఏ లోహమైనా లోపల గింజలు గింజలుగా ఉంటుంది. ఒక్కో గింజలో అణువులు ఒక్కో దిక్కుకి తిరిగి బారులు తీరి ఉంటాయి. టైటానియం బాగా కాలినప్పుడు ఆ అణువులు ఒక పద్ధతిలో పేర్చుకుని ఉంటాయి, చల్లారేటప్పుడు ఇంకో పద్ధతికి మారిపోతాయి. అలా మారేటప్పుడు వేడిలో ఉన్న ఒక పెద్ద గింజ బోలెడు చిన్న గింజలుగా విడిపోతుంది. ఆ తల్లి గింజ ఇక కంటికి కనబడదు. కానీ పిల్లలు ఎటు పడితే అటు తిరగవు. తల్లి ఎటు తిరిగి ఉండేదో దాన్ని బట్టి వాటికి పన్నెండు దిక్కులే సాధ్యం. అందుకని మైక్రోస్కోపుతో పిల్లల దిక్కులన్నీ కొలిచి, ఏ పిల్లలు ఏ తల్లివో లెక్క కట్టి కలుపుకుంటూ పోతే, ఎప్పుడో కొలిమిలో ఉన్న తల్లి గింజ బొమ్మ కంప్యూటర్ తెర మీదికి తిరిగొస్తుంది. దాని సైజు చూస్తే ఆ లోహాన్ని ఎంత కాల్చారో తెలిసిపోతుంది. అతిగా కాలిస్తే తల్లి గింజ పెద్దదవుతుంది, లోహం తొందరగా విరుగుతుంది. పెళ్ళిళ్ళలో ఎవరివో పిల్లల ముక్కులు చూసి, "ఇది ఫలానావాళ్ళ సంతానం కదూ" అని మా అమ్మ చెప్పేసేది. ఇదీ అంతే. మా అమ్మకి కంప్యూటర్ అక్కర్లేకపోయేది.

ఒక సోమవారం పొద్దున్నే ఆ అమ్మాయి ఊరగాయ సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఏంటే అది, ఆవకాయా? ల్యాబులోకి తినేవి తేవద్దని బోర్డు పెట్టింది నేనేనని తెలుసుగా?" అన్నాను.

"తినేది కాదు మేడం. మా మేనత్త కాల్లోంచి తీసిన ప్లేటు."

సీసాలో రెండు ముక్కలైన టైటానియం ప్లేటు ఉంది. మేకుల కోసం వేసిన బెజ్జాలు, ఒక చివర చెక్కిన బ్యాచి నంబరు, మధ్యలో విరిగిన చోటు. నేను నోరు మూసుకుని కుర్చీ చూపించాను.

వాళ్ళ మేనత్త తట్ట మీద చేపలమ్ముతుంది. ఆటో తిరగబడి తొడ ఎముక విరిగింది. బెజవాడలో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఎముక ఇంకా అతుక్కోకముందే ప్లేటు పుటుక్కున విరిగింది. లోపల చీము కూడా పట్టిందని ప్లేటు తీసేసి, బయటి నుంచి కడ్డీలు బిగించి మంచాన పడుకోబెట్టారు. ఇంట్లోవాళ్ళూ, వీధిలోవాళ్ళూ అంతా ఒకటే మాట: చెబితే వినకుండా లేచి తిరిగింది, తట్ట కూడా ఎత్తే ఉంటుంది. ఆవిడ మొగుడైతే చూడొచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెబుతున్నాడట. డాక్టరు గారు కూడా, "మీరు తెలియక బరువు వేసుంటారమ్మా" అన్నారట.

"అత్తేమంటోంది?" అన్నాను.

"మంచం దిగితే ఒట్టంటోంది మేడం. బాత్రూముకి కూడా మావ పట్టుకుంటేనే వెళ్ళానంటోంది. మా అమ్మానాన్నా పనికి పోతే చిన్నప్పట్నుంచీ నన్ను పెంచింది ఆవిడే. అబద్ధమాడే మనిషి కాదు." సీసాని నావైపు జరిపింది. "పై బుధవారం మళ్ళీ ఆపరేషనండీ. అదే కంపెనీ ప్లేటు, అదే బ్యాచిలోది తీసి పెట్టారు. ఇదీ విరిగితే మూడోసారి మేకు దిగడానికి ఎముకలో చోటుండదని డాక్టరు గారే చెప్పారు."

అదీ సంగతి. ప్లేటు మంచిదైతే ఆవిడ నడిచినట్టు. ప్లేటు చెడ్డదైతే, అలాంటిదే మళ్ళీ ఆవిడ కాల్లోకి వెళ్ళబోతున్నట్టు. మా చేతిలో ఉన్నది పై బుధవారం దాకా.

మైక్రోస్కోపు వారమంతా వేరేవాళ్ళకి బుక్కై ఉంది. "ఆదివారం వాడుకోండమ్మా, నేను చెప్తాలే" అన్నారు హెడ్డు గారు, కారణం పూర్తిగా వినకుండానే. ఈలోగా ప్లేటు ముక్క కోసి పాలిష్ పట్టే పని నేను తీసుకున్నాను. టైటానియానికి పాలిష్ పట్టడం అంటే మొండిపిల్లకు జడ వేయడమే. ఒక పక్క సరిచేస్తే ఇంకో పక్క గీత పడుతుంది. ఒక్క గీత ఉన్నా మైక్రోస్కోపు మొహం తిప్పుకుంటుంది. ఆ పనిలో కృష్ణా జిల్లాలో నన్ను మించినవాళ్ళు లేరని నా నమ్మకం. అడిగినవాళ్ళూ లేరనుకోండి.

పాలిష్ అయ్యాక మామూలు మైక్రోస్కోపు కింద పెట్టి చూశాం. గింజలు చిన్నగా, ముచ్చటగా ఉన్నాయి. కంపెనీ సర్టిఫికెట్ చెప్పిందీ అదే. హెడ్డు గారు తొంగిచూసి, "బానే ఉందిగా ప్లేటు!" అన్నారు.

"కనబడేవి పిల్లలు సార్. తల్లి ఎంతదో చూడాలి" అంది మా అమ్మాయి.

ఆదివారం చర్చి అవగానే అదే పట్టుచీరతో ల్యాబుకి వెళ్ళాను. ఆ రోజు పాస్టరు గారి ప్రార్థన ఎంతకీ తెమల్లేదు, దేవుడు క్షమించుగాక, నా కళ్ళు వాచీ మీదే ఉన్నాయి. మధ్యాహ్నమంతా మైక్రోస్కోపు కొలుస్తూ కూర్చుంది. సాయంత్రం ఆ కొలతలన్నీ అమ్మాయి రాసిన ప్రోగ్రాములో వేశాం. తెర మీద తల్లి గింజల బొమ్మ వచ్చింది, తల్లికో రంగు. పెళ్ళి పందిట్లో చల్లిన రంగుకాగితాల్లా అన్నీ చిట్టి చిట్టి ముక్కలు. మధ్యమధ్య లెక్క తేలని చోట్ల నల్లటి ఖాళీలు. తల్లులూ చిన్నవేనన్నమాట. అంటే లోహాన్ని అతిగా కాల్చలేదు, ప్లేటు మంచిదే.

ఆ అమ్మాయి చాలాసేపు తెర వంకే చూసింది. తర్వాత మెల్లగా, "అయితే అత్తే నడిచిందేమో మేడం. నాతో కూడా అబద్ధం చెప్పిందేమో" అని చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. నాకు ఓదార్చడం చేతకాదు. "ముందు ఇంటికెళ్ళి అన్నం తిను" అని కసిరాను. అది బస్సెక్కాక నాకే కళ్ళు చెమ్మగిల్లాయి.

ఆ నల్లటి ఖాళీలు మాత్రం నన్ను వదల్లేదు. నేను పట్టిన పాలిష్‌కి అన్ని ఖాళీలా? పౌరుషమే అనుకోండి, ఏదైనా అనుకోండి. ఇంట్లో పప్పు తాలింపు వేస్తుంటే చటుక్కున గుర్తొచ్చింది. అంతకు ముందు నెలలోనే మైక్రోస్కోపు కంపెనీ ఇంజినీరు వచ్చి దాని సాఫ్ట్‌వేరు మార్చి వెళ్ళాడు. ఆ తర్వాత మాలో ఒక్కరమూ పాత ముక్కను అడగలేదు.

పాత ముక్క అంటే మా ల్యాబు ఇలవేల్పు. నాకు ముందు ఇన్‌చార్జిగా చేసిన పెద్దాయన ఒక టైటానియం ముక్కను కావాలనే కొలిమిలో అతిగా కాల్చి, నల్లటి దిమ్మలో బిగించి పెట్టాడు. దాంట్లో తల్లి గింజలు ఎంత పెద్దవంటే, మైక్రోస్కోపు అక్కర్లేదు, వెలుతుర్లో తిప్పి చూస్తే వేలిగోరంత మచ్చలు కంటికే కనబడతాయి. యంత్రాన్ని ఎవరు ముట్టుకున్నా, ప్రోగ్రాము ఎవరు మార్చినా, మొదట దాన్ని పెట్టి చూడాలని ఆయన పెట్టిన నియమం. "తెలియనిదాన్ని అడిగే ముందు తెలిసినదాన్ని అడుగమ్మా. తెలిసినదానికే తప్పు చెప్పేవాడు తెలియనిదానికి ఒప్పు చెబుతాడా?" అనేవాడు. ఏళ్ళ తరబడి పాటించాం. ఇంజినీరు వచ్చిన వారం ఏదో తొందరలో అందరం మర్చిపోయాం.

సోమవారం నేను వెళ్ళేసరికి హెడ్డు గారు పెన్ను మూత తీసి అమ్మాయి పొద్దున్నే రాసిచ్చిన రిపోర్టు ముందు కూర్చున్నారు. "పాపం పిల్ల బాధపడుతుంది గానీ, డాక్టరు గారికి ఈ మాట చెబితే ధైర్యంగా ప్లేటు వేసుకుంటారు" అన్నారు.

"సార్, ఆ పెన్ను మూత పెట్టండి."

ఆయన ఉలిక్కిపడ్డారు. విషయం చెప్పాను. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, జవాబు నచ్చకపోతే యంత్రాన్ని అంటే ఎలాగమ్మా?" అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. మాకు కావలసిన జవాబు వచ్చేదాకా తవ్వుతున్నామని ఎవరైనా అనుకోవచ్చు.

"నేను జవాబు మార్చమనట్లేదు సార్. మద్దెల ఓడో కాదో ఒక్కసారి కొట్టి చూద్దామంటున్నా. పాత ముక్క కూడా సరిగ్గా వస్తే, మీ పెన్ను నేనే తెచ్చిస్తా."

ఆయన మూత పెట్టారు. ఎవరినో బతిమాలి మాకోసం యంత్రం కూడా ఖాళీ చేయించారు.

మధ్యాహ్నానికి పాత ముక్క బొమ్మ తెర మీదికి వచ్చింది. రంగుకాగితాలు! అవే చిట్టి ముక్కలు, అవే నల్లటి ఖాళీలు. గోరంత గింజలని కంటితో చూసి చెప్పగలిగిన ముక్కను పట్టుకుని మా ప్రోగ్రాము నూకలంటోంది. నేను పకపకా నవ్వేశాను. తప్పు జవాబు చూసి అంత సంతోషపడటం నా సర్వీసులో అదే మొదలు, అదే ఆఖరు. అమ్మాయి నవ్వలేదు. గబగబా నా బల్ల మీదున్న పెన్సిలు తీసుకుని, మొన నావైపు పెట్టి, వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది.

చల్లారిన టైటానియంలో అణువులు ఆరు పలకల పెన్సిల్లా పేర్చుకుని ఉంటాయి. పెన్సిలు ఎటు తిరిగిందో చెప్పాలంటే మొన ఎటుందో చెబితే చాలదు. పైకి ఉన్నది పలకా, అంచా అన్నది కూడా చెప్పాలి.

"మేడం," అంది కాసేపటికి, "మన ప్రోగ్రాము అంచు పైకి ఉందనుకుని లెక్క కడుతుంది. పాత సాఫ్ట్‌వేరు కూడా అలాగే కొలిచేది. కొత్తది పలక పైకి పెట్టి కొలుస్తోందేమో!"

అంతే. ముప్ఫై డిగ్రీల తేడా. దిక్కులన్నీ అంత పక్కకి జరిగేసరికి పిల్లలు తల్లికి సరిపోలేదు. మా ప్రోగ్రాము పాపం ఏం చేస్తుంది, దొరికిన ప్రతి పిల్లకీ ఒక దొంగ తల్లిని కల్పించి పెట్టింది. ఎక్కడా కుదరని చోట నల్లరంగు పూసింది. అమ్మాయి ప్రోగ్రాములో ఒక్క వరస దిద్దింది. పాత ముక్క మళ్ళీ వేస్తే గోరంత గోరంత గింజలు, కంటికి కనబడినవి కనబడినట్టు వచ్చి కూర్చున్నాయి. హెడ్డు గారు తెర పక్కన ముక్కను పట్టుకుని రెండూ పోల్చి చూసుకుని, "ఓర్నీ!" అన్నారు. ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

ఇక ప్లేటు. పెద్దాయన నేర్పిన క్రమశిక్షణ అని చెప్పి, దాన్ని మళ్ళీ మొదటి నుంచీ కొలిపించాను. మంగళవారం మధ్యాహ్నం బొమ్మ వచ్చింది. తెరంతా కలిపి మూడే రంగులు. రంగుకాగితాల్లేవు, ఖాళీల్లేవు. మూడు మహా పెద్ద తల్లులు. పైకి చిన్నగా, ముచ్చటగా కనబడ్డ గింజలన్నీ వాటి పిల్లలే, ఎక్కువ భాగం ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ప్లేటు విరిగింది సరిగ్గా అందులో ఒక తల్లి మధ్య నుంచి. దాన్ని ఎక్కడో అతిగా కాల్చి, తర్వాత పైపైన సరిచేశారన్నమాట. అమ్మాయి తెర మీద అరచెయ్యి ఆనించి అలా ఉండిపోయింది. నేను మళ్ళీ ఓదార్చలేదు. ఈసారి అవసరం లేకపోయింది.

డాక్టరు గారికి ఫోన్ చేస్తే ఆపరేషన్ థియేటర్లో ఉన్నారన్నారు. సాయంత్రం చేసినా అదే జవాబు. ఆపరేషన్ తెల్లారితే. బుధవారం పొద్దున్నే హెడ్డు గారి పాత కారులో ముగ్గురం బయల్దేరాం. ఆయన హారన్ కొట్టడం అమర్యాద అనుకునే మనిషి. ఆ రోజు బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్కులో ఆయన కొట్టిన హారన్‌కి ఒక సిటీ బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "ఏంటి సార్, రైలు తప్పిపోతుందా?" అని అడిగాడు.

"రైలైతే ఇంకోటొస్తుంది బాబూ!" అని అరిచారు మా హెడ్డు గారు.

మేం వెళ్ళేసరికి మేనత్తని స్ట్రెచరు మీద పడుకోబెట్టి ఉంచారు. బక్కపల్చటి మనిషి, ముక్కుకి రెండు వైపులా పుడకలు. కాలికి కడ్డీలు. పక్కన ఆవిడ మొగుడు టీ ఫ్లాస్కు పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. డాక్టరు గారు థియేటర్ బట్టల్లో వస్తూ మమ్మల్ని చూసి ఆగారు. అమ్మాయి హెడ్డు గారి వైపు చూసింది. హెడ్డు గారు నావైపు చూశారు. నేనే మొదలుపెట్టాను.

"సర్టిఫికెట్లో గింజలు చిన్నవనే ఉందండీ, పరీక్ష చేయించాకే కొంటాం" అన్నారాయన, మర్యాదగానే.

"చిన్నవే డాక్టరు గారూ, కాదనను. కానీ ఒకే తల్లి పిల్లలు, అన్నీ ఒక వైపే తిరిగున్నాయి. మన బందరు రోడ్డు మీద సందుకో స్పీడ్ బ్రేకరుంటే బండి నెమ్మదిస్తుంది కదా? గింజకో దిక్కుంటే పగులు కూడా అలాగే ఆగుతూ ఆగుతూ పోవాలి. ఇందులో స్పీడ్ బ్రేకర్లు లేవు. మామూలుగా మంచం మీద అటూ ఇటూ కదిలినా పగులు పెరుగుతుంది."

"ఆవిడ నడవలేదని మీరు చెప్పగలరా?"

"చెప్పలేను. నేను ఆవిడ మంచం పక్కన లేను. ఈ బ్యాచి ప్లేటు ఇంకెవరి కాల్లోనూ పెట్టకూడదని మాత్రం చెప్పగలను. కావాలంటే రాసి, సంతకం పెట్టిస్తా."

హెడ్డు గారు అప్పటికే పెన్ను మూత తీశారు.

డాక్టరు గారు రెండు బొమ్మలూ చూశారు, ప్లేటుది, పాత ముక్కది. తర్వాత నర్సుని పిలిచి, "సిస్టర్, ఆ ట్రే లోపల పెట్టేయండి. ఇవాళ చెయ్యట్లేదు" అన్నారు. ఇంకో చోట నుంచి వేరే ప్లేటు తెప్పిస్తామన్నారు. ఆ బ్యాచి ప్లేట్లు వేసుకున్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినే పిలిపించి చూశారని తర్వాత విన్నాను. అప్పుడు మాత్రం ఆయన స్ట్రెచరు దగ్గరికి వెళ్ళి, వంగి, "తప్పు మీదే అన్నాను. అలా అనకుండా ఉండాల్సిందమ్మా. ప్లేటులోనే లోపం ఉంది" అన్నారు.

మేనత్త ఆయన వంక చూసి, "ఆ ముక్క మా ఆయనకి చెప్పండి బాబూ, కాస్త గట్టిగా" అంది.

ఆ పెద్దమనిషి ఫ్లాస్కు మూత తీసి, మూతలో టీ పోసి పెళ్ళాం చేతికిచ్చాడు. సగం ఒలికిపోయింది.

కొత్త ప్లేటు వేసి నెలలు గడిచాక, ఒక మధ్యాహ్నం ల్యాబు గుమ్మంలో చేతికర్ర చప్పుడైంది. చూస్తే మేనత్త, చేతిలో స్టీలు క్యారేజీ. కుర్చీ వేయబోయాను.

"వద్దు మేడం గారూ. అందరూ పడుకో, కూచో అన్నవాళ్ళే. ఇంక నేను నిలబడే ఉంటా."

క్యారేజీలో రొయ్యల వేపుడు. ల్యాబులోకి తినేవి తేకూడదన్న బోర్డు నేను పెట్టిందే కాబట్టి, తీసి గోడ వైపు తిప్పింది కూడా నేనే. అమ్మాయి వాళ్ళత్తకి ప్లేటు బొమ్మ చూపించింది. ఆవిడ కళ్ళు చిట్లించి మూడు రంగులూ చూసి, "ఇది నా కాల్లో ఉండేదా?" అని ఆశ్చర్యపోయింది. నేను ఏదో తుడుస్తున్నట్టు పక్కకి తిరిగాను గానీ చెవులు అక్కడే ఉన్నాయి.

"అత్తా, నీకో మాట చెప్పాలి" అంది అమ్మాయి. "మొదట లెక్క తప్పొచ్చింది. ప్లేటు మంచిదేనని వచ్చింది. అప్పుడు... నువ్వు నాతో అబద్ధం చెప్పావనుకున్నా."

మేనత్త బొమ్మ మీంచి కళ్ళు తియ్యలేదు. "ఎన్నాళ్ళు అనుకున్నావే?"

"ఒక్క రోజు. ఆదివారం సాయంత్రం నుంచి సోమవారం మధ్యాహ్నం దాకా."

"ఒక్క రోజేగా! మీ మావ నెలల తరబడి అనుకున్నాడు." ఆవిడ గొంతు తగ్గించి, "ఆఖరాఖరికి నేను కూడా అనుకున్నానే. అందరూ అంటుంటే, నిద్రలో లేచి నడిచానేమోనని. పడుకునే ముందు మంచం కోడుకి చీర కొంగు ముడేసుకునేదాన్ని" అంది.

అంతలోనే తేరుకుని, చేతికర్ర తీసి మేనకోడలి చేతిలో పెట్టింది.

"ఇది పట్టుకో. మేడం గారూ, ఇటు చూడండి, మీరు చూడాలనే వచ్చా" అని, ఎవరి సాయమూ లేకుండా గుమ్మం దాకా నడిచింది.